చెరువు కట్టపై కెమెరాల జప్తు, పెళ్లి చిత్రాల విధ్వంసం: ఫొటోగ్రాఫర్ల సంఘం ఖండన ప్రకటన

గత ఆదివారం ఉదయం మన పట్టణ చెరువు కట్టపై మా సభ్యులైన ఇద్దరు ఫొటోగ్రాఫర్ల పట్ల పార్కు నిర్వహణ సిబ్బంది ప్రదర్శించిన దౌర్జన్య, చట్టవిరుద్ధ వైఖరిని జిల్లా ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘం ముక్తకంఠంతో ఖండిస్తోంది. జరిగింది జరిగినట్టుగా పట్టణ ప్రజల ముందు పెడుతున్నాం. ఆ పూట కట్ట మీద నడకకు వచ్చినవారిలో కొందరు దీనికి ప్రత్యక్ష సాక్షులు. తక్కినవారు ఈ ప్రకటన చదివి సాక్షులు కావాలని కోరుతున్నాం.

ఉదయం ఆరున్నర గంటలకు, నిశ్చితార్థం అయిన ఒక యువజంటకు మా సభ్యులు ప్రీ వెడ్డింగ్ ఫొటోలు తీస్తున్నారు. డ్రోన్ లేదు, రంగుల పొగ డబ్బాలు లేవు, స్పీకర్లలో పాటలు లేవు. రెండు కెమెరాలు, ఒక రిఫ్లెక్టర్, అమ్మాయి చీర కుచ్చిళ్లు సర్దడానికి వెంట వచ్చిన ఆమె పిన్ని. నడిచేవారికి దారి వదిలి మెట్ల వారగా నిలబడ్డారు. ఎవరి పర్మిషన్‌తో తీస్తున్నారని సిబ్బంది గద్దించారు. పర్మిషన్ ఎవరిస్తారో చెబితే ఇప్పుడే వెళ్లి తెచ్చుకుంటామని మా సభ్యుడు బదులిచ్చాడు. ఆ మాటకు సమాధానం రాలేదు. కెమెరా మీద చెయ్యి పడింది.

జప్తు చేసిన వస్తువులకు చీటీ ముక్కైనా ఇవ్వలేదు. రెండు కెమెరాలు, మూడు లెన్సులు గార్డు గదిలోని బల్లపై మూడు గంటలు పడి ఉన్నాయి. వాటి మీద కట్టాల్సిన వాయిదాలు మా సభ్యులకు ఇంకా మిగిలే ఉన్నాయి.

పోలీసులు ఒక వస్తువును స్వాధీనం చేసుకోవాలన్నా చట్టం దారి గీసింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106వ సెక్షన్ ప్రకారం నేరానికి సంబంధించిన అనుమానం ఉండాలి, మేజిస్ట్రేటుకు నివేదించాలి. 105వ సెక్షన్ ప్రకారం స్వాధీన ప్రక్రియను, జాబితా తయారీని సైతం వీడియో తీయాలి. పోలీసులు సైతం కెమెరా సాక్షిగా చేయవలసిన పనిని, పోలీసులు కానివారు ఏ కాగితమూ లేకుండా చేశారు. అదీ కెమెరాల మీదే చేశారు.

ఇంతకన్నా ఘోరం ఆ తరువాత జరిగింది. తీసిన ఫొటోలన్నీ తుడిచేస్తేనే కెమెరాలు ఇస్తామన్నారు. ఈ జంట ఫొటోలు ఒక్కొక్కటే తీసేస్తాను, కార్డులో వేరేవాళ్ల పెళ్లి ఉంది అని మా సభ్యుడు చేతులు జోడించాడు. వినలేదు. మెనూలో ఫార్మాట్ ఎక్కడుందో అతని చేతే చూపించి, అతని చేతే నొక్కించారు.

ఆ పెళ్లి గురించి పాఠకులకు చెప్పి తీరాలి. అంతకు ముందు రాత్రి, తెల్లవారుజామున మూడు గంటలు దాటాక ముహూర్తం. వీడియో పెట్టుకునే స్తోమత లేక ఒక్క ఫొటోగ్రాఫర్‌తో సరిపెట్టుకున్న కుటుంబం అది. గౌరీపూజ వరకూ తీసిన కార్డు నిండిపోతే, జీలకర్ర బెల్లానికి ముందు మా సభ్యుడు కొత్త కార్డులు వేశాడు. రెండు స్లాట్లలో రెండు కార్డులు పెట్టి, ప్రతి ఫొటో రెండింటిలోనూ పడేలా జాగ్రత్త తీసుకున్నాడు. అప్పగింతలు అయ్యేసరికి తెల్లారింది. అక్కడి నుంచి నేరుగా చెరువు కట్టకు వచ్చాడు. సిబ్బంది ఆ రెండు కార్డులనూ ఫార్మాట్ చేయించారు.

అంతటితో ఆగినా కొంత మిగిలేది. ఫార్మాట్ చేసిన కార్డులో చిత్రాలు వెంటనే మాయం కావు. వాటి పైన కొత్తవి పడనంత కాలం సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీయవచ్చు. ఖాళీ అయిందో లేదో చూద్దామంటూ సిబ్బందిలో ఒకరు సరదాగా చెరువును, బాతులను, తన మిత్రులను పది నిమిషాలకు పైగా వీడియో తీశారు. ఆ బాతులు వచ్చి కార్డు మొదట్లో కూర్చున్నాయి. కార్డు మొదట్లో ఉన్నవి జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు.

రెండు రోజుల శ్రమ తరువాత అప్పగింతల ఫొటోలు తిరిగి వచ్చాయి. వధువు తండ్రి కంటతడి ఉంది, తాళి కట్టిన క్షణం లేదు. మళ్లీ తలంబ్రాలు పోయించి తీద్దామని మా సంఘం తరఫున ఉచితంగా చేస్తామన్నాం. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాటకం వద్దులెండి అని మాత్రం అన్నారు.

1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు తొలి హక్కుదారులు తీయించుకున్నవారే. కనుక సిబ్బంది నాశనం చేసింది ఆ కుటుంబపు ఆస్తి. యజమాని అనుమతి లేకుండా డిజిటల్ సమాచారాన్ని చెరిపేయడం సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల పరిధిలోకి వస్తుందని మా న్యాయవాది అభిప్రాయం. ఆ మేరకు ఫిర్యాదు చేశాం. విచారణ కోరుతున్న దశలో సిబ్బంది పేర్లను ఇక్కడ ప్రస్తావించడం లేదు.

మూడో అపరాధం మాటలది. మా సభ్యుడి వయసు నలభై ఎనిమిది. ఆయనను ఏరా అని పిలిచారు. ఫొటోగాళ్లకు పొద్దున్నే వేరే పని లేదా అన్నారు. ఈ పట్టణంలో ప్రారంభోత్సవాల శిలాఫలకాల పక్కన ప్రముఖులు చిరునవ్వుతో కనిపించే చిత్రాల్లో సగం ఆ ఫొటోగాడు తీసినవే.

ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్న మరీ హేయం. పెళ్లి కాకుండానే ఈ వేషాలేమిటని, మీ నాన్న నంబరివ్వమని అడిగారు. పక్కన ఆమె పిన్ని ఉండగానే అడిగారు. పార్కు కాపలా బాధ్యతలో ఆడపిల్ల శీలపరీక్ష ఎప్పుడు చేరిందో అధికారులే వివరించాలి. ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ జంట ఇచ్చిన అడ్వాన్సు మేం తిరిగి ఇచ్చేశాం.

ఇక పర్మిషన్ సంగతి. చెరువు నీటిపారుదల శాఖది, కట్ట మీది పార్కు మున్సిపాలిటీది, కట్టను ఆనుకున్న రోడ్డు ట్రాఫిక్ పోలీసులది. ఈ మూడు కార్యాలయాలకూ మా ప్రతినిధులు గతంలో అర్జీలతో తిరిగారు. ప్రతి చోటా తక్కిన రెండు చోట్లకూ వెళ్లమన్నారు. రుసుము ఎంతో చెప్పండి, కడతాం, రసీదు ఇవ్వండి అని రాతపూర్వకంగా అడిగాం. రసీదు లేని రుసుము మాత్రం కట్ట మీద కొన్నాళ్లుగా వసూలవుతూనే ఉంది. ఆ ఆదివారం మా సభ్యులు అది ఇవ్వడానికి నిరాకరించారన్నది గమనార్హం.

అదే సమయంలో, అదే మెట్ల మీద, ఫోన్లతో రీల్స్ చేసుకుంటున్న బృందాలు రెండు ఉన్నాయి. వారిని ఎవరూ పలకరించలేదు. పలకరించాలని మేం కోరడమూ లేదు. చేతిలో ఫోన్ ఉంటే సందర్శకుడు, మెడలో కెమెరా ఉంటే అనుమానితుడు అన్న ఈ విభజన ఏ చట్టంలో ఉందన్నదే మా ప్రశ్న.

రక్షణ స్థావరాల వద్ద కెమెరా తీయరాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మాకు తెలుసు. విమానాశ్రయాల నిబంధనలు తెలుసు. పురావస్తు కట్టడాల్లో ట్రైపాడ్‌కు, వాణిజ్య చిత్రీకరణకు ముందస్తు అనుమతి కావాలని తెలుసు. అయితే ఆ కేంద్ర పురావస్తు శాఖే 2018 జులైలో అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్ మహల్ సమాధి మందిరం మినహా తన కట్టడాలన్నింటిలో సందర్శకుల ఫొటోగ్రఫీకి ద్వారాలు తెరిచింది. పోలీస్ స్టేషన్ సైతం నిషిద్ధ ప్రదేశం కిందికి రాదని, అక్కడ వీడియో తీయడం అధికార రహస్యాల చట్టం ప్రకారం నేరం కాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం చెప్పింది. మన చెరువు కట్టకు వీటన్నిటినీ మించిన రహస్యమేముందో మాకు అంతుబట్టడం లేదు.

ఇల్లు చక్కదిద్దుకోకుండా వీధికెక్కామని ఎవరూ అనుకోకూడదు. మా వృత్తిలో అపచారాలు ఉన్నాయి. కేబుల్ వంతెనల మీద కార్లు ఆపించి షూట్లు చేసినవారున్నారు. గుడి ప్రాంగణాల్లో భక్తులను పక్కకు జరగమన్నవారున్నారు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను రిజిస్ట్రేషన్ లేకుండా ఎగరేసి, అడిగితే బొమ్మ అన్నవారున్నారు. అపరిచిత స్త్రీలను దూరం నుంచి లెన్సుతో పట్టడాన్ని కళ అనుకునేవారూ ఉన్నారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పాక ఈ చివరి రకానికి మా సంఘంలో చోటు లేదు. అలాంటి ఒకరి సభ్యత్వాన్ని నిరుడు రద్దు చేశాం.

మరో తప్పు కూడా ఒప్పుకుంటున్నాం. ఒక పెళ్లి కార్డును హార్డ్ డిస్కులోకి ఎక్కించనిదే అదే కెమెరాతో మరో పనికి దిగరాదన్నది మా నియమం. ఆ తెల్లవారుజామున అది తప్పింది. మూఢం, ఆషాఢం పోను మిగిలే ముహూర్తాలు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టుకునేవి. ఉన్న రోజుల్లో నిద్ర మాని రెండు మూడు పనులు చేస్తే తప్ప వాయిదాలు తీరవు. ఇది సంజాయిషీ అవుతుంది గాని సమర్థన కాదు. ఆ కుటుంబానికి మేం క్షమాపణ చెప్పాం. కార్డు చెరిపించినవారు ఇంతవరకు చెప్పలేదు.

ఈ ఘటన పర్యవసానాలు ఇద్దరితో ఆగలేదు. వార్త పొక్కిన నాలుగు రోజుల్లో మా సభ్యుల షూట్లు అనేకం రద్దయ్యాయి. కట్ట దగ్గర గొడవవుతుందట అని అమ్మాయిల తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతున్నారు. ఫొటోగ్రాఫర్ ఒక్కడి పని పోతే ఆల్బమ్ డిజైనర్, లైట్ బాయ్, మేకప్ చేసే అమ్మాయి, ప్రింటింగ్ ల్యాబ్ కుర్రాడు అందరి పనీ పోతుంది. కట్ట కింద మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ కూడా ఆదివారం బేరం సగానికి పడిందని మాతో మొర పెట్టుకుంది.

బాధ్యులపై శాఖాపరమైన విచారణ జరిపి నివేదికను బహిరంగపరచాలని, ఆ జంటకు, ఆ పెళ్లివారికి లిఖితపూర్వక క్షమాపణ చెప్పాలని మా సంఘం డిమాండ్ చేస్తోంది. పట్టణంలో ఎక్కడ తీయవచ్చు, ఎక్కడ తీయరాదు, ఏ పనికి ఎంత రుసుము అన్నది తెలుగులో బోర్డు రాసి కట్ట మీద పెట్టాలి. మూడు శాఖల పర్మిషన్ ఒకే కిటికీ దగ్గర, రసీదుతో ఇవ్వాలి. మేం నిబంధన ఉల్లంఘిస్తే జరిమానా వేయండి, కడతాం. కార్డు మీద చెయ్యి వేసే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

సమాధానం వచ్చే వరకు మా సభ్యులు ఏ ప్రభుత్వ కార్యక్రమానికీ కెమెరా పట్టరు. పెళ్లిళ్లకు మాత్రం యథావిధిగా వెళ్తారు. ఎవరి మీదో కోపం వధూవరుల మీద చూపించడం మా సంప్రదాయం కాదు. నల్ల బ్యాడ్జీలు సోమవారం కలెక్టరేట్ ఎదుట ధరిస్తాం. పందిట్లోకి వాటితో అడుగు పెట్టం.

చివరిగా ఒక విన్నపం. ఆ రాత్రి ఆ పెళ్లికి వెళ్లిన బంధుమిత్రులు తమ ఫోన్లు ఒక్కసారి వెతికి చూడాలి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాల చిత్రాలు ఎంత మసకగా ఉన్నా, తలలు అడ్డం వచ్చినా, దయచేసి మా సంఘ కార్యాలయంలో అందజేయండి. ఆల్బమ్‌లో ఆ పేజీలు ఖాళీగా ఉంచాం.

జిల్లా ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘం కార్యవర్గం