మామిడి పూత - కోయిల కూత

మా నరసాపురంలో పెరటి మామిడి పూసిందంటే కోయిల కూయవలసిందే. చివుళ్ళు మేసి గొంతు విప్పుతుందని ఇరవైయేళ్ళుగా పాఠం చెబుతున్నాను. మొన్న ఒక అమ్మాయి లేచి, "మేయగా మీరు చూశారా, మాస్టారూ?" అంది. చూడలేదు!

వారం రోజులు పెరటి గుమ్మంలో కాపు వేశాను. అది తిన్నవి పక్కింటి రావిపళ్ళు. 'కూ' అన్నది నల్లని మగపక్షి. ఒళ్ళంతా చుక్కలున్న ఆడది 'కిక్‌కిక్' మంటుంది. మనమేమో కోయిలమ్మ అంటున్నాం! పూతా అంతే: గుత్తిలో చాలావరకు మగపూలే, కాయ కట్టేవి కొన్ని. పూత ఈగలను పిలుస్తుంది, కూత ఆడకోయిలను. రెండూ సంతానం కోసమే. కాకపోతే, పిందెను తల్లికొమ్మే మోస్తుంది. కోయిల పిల్లను కాకి పెంచుతుంది.

మర్నాడు తరగతిలో తప్పు ఒప్పుకున్నాను. పద్యాల తీపి తగ్గలేదు సుమండీ. నా పాఠానికే కాస్త వగరు తగిలింది.