జట్టు ఢిల్లీకి, గొప్ప హైదరాబాద్‌కు!

నల్లగొండ: హైదరాబాద్ పేరు పెట్టుకొని ఆరేళ్లు ఆడిన ఫుట్‌బాల్ జట్టు 2025 అక్టోబరులో మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. మన పల్లెల్లో ఈ సంగతి పట్టించుకున్నవారు తక్కువ. వాలీబాల్ నెట్టు, కబడ్డీ గీతలు తప్ప ఫుట్‌బాల్ మనది కాదనే అభిప్రాయం పాతుకుపోయింది. జిల్లాలలోని బళ్లలో, ఆసుపత్రులలో పనిచేసే కేరళ వారిని కదిలిస్తే మాత్రం గంటసేపు ఫుట్‌బాల్ ముచ్చటే. హైదరాబాద్ జట్టు 2019లో పుట్టి 2025లో పోయిందని వారిలో కుర్రకారు అనుకుంటారు. వారి తాతలను అడిగితే వేరే కథ చెబుతారు.

ఆ కథకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పినవాడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైన తర్వాత ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి 1950లో జరిగిన డ్యూరాండ్ కప్పులో ఫైనల్లో కలకత్తా మోహన్ బాగాన్‌ను ఓడించింది కూడా ఈ పోలీసులే. కలకత్తా వాళ్లను ఓడించడమంటే ఆ రోజులలో మాటలు కాదు.

రహీం మాస్టారు పని తీరు వింటే మన పంతుళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. కుడికాలు వాటం గలవాడు ఎడమకాలితోనే తన్నాలని ఒక పోటీ పెట్టేవాడు. బంతిని కాళ్ల దగ్గర ఉంచుకొని గిరగిరా తిప్పకుండా, వచ్చింది వచ్చినట్టే తోటివాడికి అందించాలని మరొక పోటీ. పెద్ద ఖర్చేమీ లేదు. మైదానం, బంతి, పంతులు ఉంటే చాలు.

ఆయన చేతికిందనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడినవారే. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత్ నాలుగో స్థానానికి చేరింది. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లవాడు, 2023లో కన్నుమూశాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి రెండో బంగారు పతకం తెచ్చిననాటికే రహీం జబ్బుమనిషి. మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయన జీవితంపై హిందీలో 2024లో సినిమా వచ్చేదాకా మన ఊళ్లలో ఆ పేరు విన్నవారు ఎందరు?

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరుసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి, అదీ కేరళ గడ్డ కొల్లంలో, బెంగాల్‌ను ఓడించి గెలుచుకుంది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చిన భారత జట్టు నాయకుడు నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే.

తర్వాత ఏమైంది? కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోయాయి. 1949లో హైదరాబాద్‌లో పుట్టిన మహమ్మద్ హబీబ్ కలకత్తాలో 'బడే మియా' అయ్యాడు. ఆటతో ఉద్యోగం వచ్చే దారులు సన్నగిల్లాయి. రేడియోలో, ఆ తర్వాత టీవీలో క్రికెట్ రాజ్యమేలింది. పోలీసు ఉద్యోగం కోసం బంతి తన్నిన బస్తీ పిల్లలకు ఆశ లేకపోయింది. ఆశ లేనిచోట ఆట నిలుస్తుందా?

ఇంత చరిత్ర ఉన్న ఊరికి 2019లో పేరుమోసిన లీగులో చోటు దక్కింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌కు కేరళ అభిమానులు పసుపు చొక్కాలతో పోటెత్తారు. కేరళ ముందంజలో ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలు కొట్టి సమం చేశాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. కప్పు హైదరాబాద్‌ది. అయితే ఆడినవారిలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాల, విదేశాలవారే. రహీం నాడు బస్తీ పిల్లలతో కట్టిన జట్టు వంటిది కాదిది.

వేరు లేని చెట్టు గాలికి నిలవలేదు. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలు, ఆటగాళ్లు వెళ్లిపోవడం, కొత్తవారిని తీసుకోరాదని నిషేధం. 2023-24లో లీగు మొత్తం మీద ఒక్క మాచ్ గెలిచింది. 2024లో యజమానులు మారారు, మరుసటి ఏడాది ఊరే మారింది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలు హైదరాబాద్‌లోనే జరిగినా తెలంగాణ జట్టు క్వార్టర్ ఫైనల్‌కు చేరలేదు. ఫైనల్లో బెంగాల్, కేరళ తలపడ్డాయి. బెంగాల్ 1-0తో 33వసారి కప్పు తీసుకెళ్లింది. ఆతిథ్యం మనది, పండుగ వాళ్లది.

ఇక మన పల్లెల సంగతి. తెలంగాణలో ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాలలో ఖోఖో, కబడ్డీ, వాలీబాల్‌కు చోటుంది. ఫుట్‌బాల్‌కు పెద్ద పోటీల లెక్క ప్రకారం కనీసం 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు కావాలి. అంటే ఎకరా 23 గుంటల పైమాటే. అంత జాగా పాత జడ్‌పి హైస్కూళ్లకు చాలాచోట్ల ఉంది, కాని రెండు గోలుపోస్టులు పాతినవి తక్కువ. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2025లో దేశ ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికయింది. దేవరకొండ, అచ్చంపేట చుట్టూ కూడా తండాలకు కొదవలేదు.