రక్షకభటుడు ఒక్కడే, కొలువులెన్నో



ఒకానొక దసరా వెళ్లిన రెండు రోజులకు కర్నూలు రాజవిహార్ కూడలిలో నా పూర్వవిద్యార్థి కనిపించాడు. కానిస్టేబులు. నమస్కరించి, "మొన్న రాత్రంతా దేవరగట్టు బందోబస్తు సార్. ఈరోజు ట్రాఫిక్కు. రేపెక్కడ వేస్తారో!" అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. దేవరగట్టు కర్రల సమరమైనా, ఒంటిమిట్ట కల్యాణమైనా, ఎన్నికలైనా, మంత్రిగారి రాక అయినా భటులు కావలసిందే. ముఠాకక్షలు చూసిన సీమవాణ్ణి, బందోబస్తు వద్దనను. కానీ అటువంటప్పుడెల్లా మొదట బోసిపోయేది కూడలి, ఆ తరువాత రహదారి.

"దొంగలను వదిలి హెల్మెట్ల వెంట పడతారేమి?" అని మనవాళ్లు విసుక్కోవడం కద్దు. నేనూ విసుక్కున్నవాణ్ణే. అయితే లెక్కలు వేరు మాట చెబుతున్నాయి. 2022లో దేశంలో నమోదైన హత్యలు 28,522. అదే ఏడు రోడ్డు ప్రమాదాలలో పోయిన ప్రాణాలు 1,68,491. దాదాపు ఆరింతలు!

2025 అక్టోబరు 24 వేకువకు ముందు మన చిన్నటేకూరు వద్ద జరిగిన ఘోరం తలచుకోండి. మద్యం తాగి బండి నడిపిన యువకుడు పడి మరణించాడు. రోడ్డుపై పడి ఉన్న ఆ బండిని హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు ఈడ్చుకుపోగా మంటలు లేచాయి. నిద్రలో ఉన్న ప్రయాణికులలో 19 మంది ఆహుతయ్యారు. తాగి బండెక్కినవాణ్ణి ఆపడం, దారిలో పడిన బండిని తొలగించడం దొంగను పట్టడంకన్న తక్కువ పనులా?

2006లో ప్రకాశ్ సింగ్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం నేరపరిశోధనను శాంతిభద్రతల విధులనుండి వేరు చేయమన్నది. రహదారికీ అదే న్యాయం వర్తించాలని నా అభిప్రాయం. రాత్రిపూట హైవే పహరాకు కొందరిని కేటాయించి, ఏ బందోబస్తుకూ వారిని కదపరాదు. హెల్మెట్టు లేనివారి సంగతి కెమెరాలకు వదలవచ్చు. తాగి నడిపేవాణ్ణి ఆపడానికి మనిషే కావాలి.

ఇంకొక మాట. చెట్టుచాటున నిలిచి బండి నంబరు ఫోటో తీసి చలానా పంపితే ఖజానా నిండవచ్చును గాని, ఆ బండివాడు ఆ క్షణాన ఆగడు. రక్షకభటుడనే మాటలో రక్షణ ఉన్నది, జరిమానా లేదు. ప్రజలు ఆ భటుణ్ణి చూసి దారి మళ్లించుకుపోతున్నారంటే లోపం ప్రజలది మాత్రమే కాదు.

కడప ఏడురోడ్ల కూడలి దగ్గరివారు, ఇతర ప్రాంతాలవారు తమ అనుభవం చెబితే సంతోషిస్తాను.