బూరుగు నగలు, సత్యభామ జడ

గుడివాడ నుంచి దివిసీమకు పోయే బస్సు పామర్రు దాటాక కూచిపూడిలో ఆగుతుంది. ‘ఓహో, భాగవతుల ఊరు!’ అనుకుని మనం మళ్ళీ కునికిపాట్లు పడతాం. ఈసారి కాస్త మేలుకోండి. ఈ ఊరికి ఆఫ్రికాలో ఒక దూరపు చుట్టం ఉంది.

టాంజానియా, మొజాంబిక్ దేశాల సరిహద్దున రువుమా నది పారుతుంది. దానికి ఇరుపక్కలా ఉండేవారు మకొండేలు. పిల్లవాణ్ణి పెద్దవాళ్ళలో కలుపుకునే వేడుక వారికి ఉంది. మన ఒడుగు లాంటిదనుకోండి. అందులో ‘మపికో’ ఆట ఆడతారు. తేలిక కొయ్యను తొలిచి చేసిన తలకాయను ఒకడు నెత్తిన బోర్లించుకుంటాడు. చాలావాటికి నిజం వెంట్రుకలే అంటిస్తారు. ఒళ్ళంతా గుడ్డ చుట్టుకుని, బొమ్మ నోటి సందులోంచి చూస్తూ ఆడతాడు. టాంజానియా వైపు మగవాడే గర్భిణి పొట్ట, రొమ్ములు చెక్కిన కొయ్య పలకను ఒంటికి కట్టుకుంటాడు. అది చచ్చినవారి ఆత్మ అని ఆడవాళ్ళకూ పిల్లలకూ చెప్పడం ఆనవాయితీ. ఈడొచ్చిన కుర్రాడికి మాత్రం గుట్టు విప్పుతారు: లోపల ఉన్నది మనిషే!

మరి మన ఊళ్ళో? భాగవతుల ఇంట పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి ఆన అని చెప్పుకుంటారు. ఇక్కడ కొయ్య మొహం లేదు, కొయ్య నగలున్నాయి. వెనకటికి తేలికైన బూరుగు కొయ్యతోనే వాటిని చేసేవారు. తెర మీదుగా జడ ఇవతలికి పడిందంటే భామ వచ్చినట్టే.

మకొండేల ముసుగు మనిషిని దాస్తుంది. ఇక్కడ దాపరికమే లేదు. ఆ కుర్రాడు ఎవరి అబ్బాయో ముందు వరసలోని ముసలమ్మకు కూడా తెలుసు. తెలిసినవాళ్ళనే మరిపించాలి, అదీ పరీక్ష! వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) జీవితమంతా ఆ పరీక్షలో నెగ్గారు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇప్పుడు సత్యభామను ఎక్కువగా ఆడపిల్లలే ఆడుతున్నారు. సంతోషమే; ఒకప్పుడు వారికి ఆ తెర వెనక చోటే లేదు. కాని మగవాడు ఒక్క రాత్రయినా ఆడదాని అలకనూ, అభిమానాన్నీ, ఎడబాటునూ తన ఒంటిమీద మోయాలన్న ఆ నియమం మాత్రం పోనివ్వదగింది కాదు. అంతకు మించిన ఒడుగు ఏముంది చెప్పండి?

మీ ఇంట్లో అబ్బాయి అక్కయ్య సవరం పెట్టుకుని అద్దం ముందు నిలబడితే నవ్వకండి. జడ వంకరగా ఉంటే సర్దండి.