గడికి సున్నం వేశాం

మా ఊరి దొరల గడిని బాగుచేయాలన్న కమిటీ తీర్మానం కింద సంతకాలు పెట్టినవాళ్లలో టీచర్లున్నారు, వకీళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు కవులున్నారు. నేనూ ఉన్నాను. శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి కార్లొస్తే చాయ్ హోటల్ మొదలు చీరల దుకాణం దాకా అందరికీ గిరాకీ ఉంటుందని మా ఆశ. 2022లో డోమకొండ కోటకు యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చినప్పుడు ఆ ఫొటోలు మా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగాయి. వాళ్లకు కోటుంటే మనకు గడి లేదా అనుకున్నాం. చిన్న ఊరు నాలుగు డబ్బులు కళ్లజూడాలనుకోవడం నేరమేం కాదు.

నేరాలు వేరే ఉన్నాయి. మొదటిది పాతదే. తెలంగాణలో గడీలు రెండు విడతలుగా ఖాళీ అయ్యాయి. 1946 తర్వాత సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో ఒకసారి, 1978 సెప్టెంబర్ 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఉత్తర తెలంగాణ పల్లెల్లో దొరలు పట్నం బాట పట్టినప్పుడు ఇంకోసారి. ఖాళీ అయిన గడి మీద మేం పడ్డాం. టేకు దూలాలు, చెక్కడపు తలుపులు, కడప రాళ్లు, ఇనుప కమ్మీలు ఏదీ వదల్లేదు. కోపంతో గోడ మీద గడ్డపార వేసినవాడికి చెప్పుకోవడానికి ఒక కారణముంది. మాకు అదీ లేదు, ఇంటికి పనికొస్తుందని పట్టుకుపోయాం. ఆ తర్వాత ‘వారసత్వ సంపద ధ్వంసమవుతోంది’ అని పేపర్లకు ఉత్తరాలు రాసిందీ మేమే. కొన్ని ఉత్తరాలు గడి టేకుతో చేసిన బల్లల మీదే రాసి ఉంటాం.

మరమ్మతు మాత్రం శ్రద్ధగా చేయించాం, ఆ మాట ఒప్పుకోవాలి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ గుల్లబారి పెచ్చులు ఊడుతుంది. అందుకని డంగు సున్నమే కావాలన్నాం. ఆ పని తెలిసిన మేస్త్రీ కోసం జిల్లాలన్నీ గాలించాం. సున్నం, ఇసుక గానుగలో వేసి నూరించాడాయన. కరక్కాయలు నానేసిన నీళ్లు, బెల్లం పాకం తానే దగ్గరుండి కలిపించాడు. ముద్దను తాపీతో ఎత్తి తిరగేసేవాడు. తాపీకి అంటుకుని ఉంటే సరే, జారితే మళ్లీ గానుగలోకే. పూత ఆరేదాకా గోనె పట్టాలు కప్పి తడుపుతూ ఉండేవాళ్లు. నీళ్లు మోసిన ఆడవాళ్లకు ప్రతి శనివారం కూలి లెక్కకట్టి ఇచ్చాం. ఆ గోడకు నీళ్లు మోసిన ఆడవాళ్ల చేతిలో కూలి పడటం బహుశా అదే మొదటిసారి. రిజిస్టర్ రాస్తూ కూర్చున్న మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

ఆ గోడలు లేపింది వెట్టి. కుమ్మరి కుండలు ఊరికే ఇయ్యాలి. చాకలి బట్టలుతికి, వంటచెరకు మోయాలి. మాదిగలు చెప్పులు కుట్టాలి, కబుర్లు మోయాలి. గొల్ల, కురుమలు అడిగినప్పుడల్లా గొర్రెను తోలాలి. దొరబిడ్డ అత్తారింటికి పోతుంటే సారెతో పాటు ఊరి ఆడపిల్లను ‘ఆడబాప’గా పంపేవాళ్లు. ఆ పిల్ల బతుకంతా ఆ అత్తారింటి గడిలోనే. 1988లో వచ్చిన బి.నర్సింగరావు సినిమా ‘దాసి’ చూసి కళ్లు తుడుచుకుని, దాని మీద చర్చాగోష్ఠి పెట్టినవాళ్లం మేం. మా ఊరి గడి ముందు బోర్డు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ సినిమా మాకు గుర్తురాలేదు.

బోర్డు మీద ఏం రాశాం? అపురూప వాస్తుశైలి, బురుజుల ఎత్తు, దర్బారు హాలు సొగసు, దొరల కళాపోషణ. ముసాయిదాలో వెట్టి గురించి ఒక్క వాక్యం ఉండేది. ‘టూరిస్టులు ఏడ్వడానికి వస్తారా సార్’ అన్నారెవరో. అందరం నవ్వాం. నవ్వుల మధ్యే ఆ వాక్యం మీద గీత పడింది. అండమాన్ పోయినప్పుడు సెల్యులర్ జైలు చూడకుండా తిరిగొచ్చినవాడు మాలో ఎవడూ లేడు. 2021లో జలియన్‌వాలా బాగ్‌కు కొత్త హంగులద్ది, ఆ ఇరుకు సందు గోడలకు బొమ్మలు పెట్టినప్పుడు చరిత్రకారులతో గొంతు కలిపి ఫేస్‌బుక్‌లో మండిపడ్డాం కూడా. అమృత్‌సర్ దూరం కదా, ధైర్యం బాగానే వచ్చింది.

ఇంకో సంగతి చెప్పడానికే సిగ్గేస్తోంది. ఇదే ఊళ్లో గ్రూప్స్ పరీక్షలకు తెలంగాణ ఉద్యమ చరిత్ర చెప్పేది మా కమిటీ మనుషులే. దొడ్డి కొమరయ్య అమరుడైంది ఎప్పుడు? 1946 జూలై 4. ఎక్కడ? కడవెండి. పాలకుర్తిలో పంట కాపాడుకోవడానికి దొర మీద నిలబడిందెవరు? చాకలి ఐలమ్మ. విసునూరు దేశ్‌ముఖ్ గుప్పిట్లో ఉన్న భూమి సుందరయ్య లెక్కలో ఎంత? 40 వేల ఎకరాలు. పిల్లలు టకటకా జవాబులు చెబుతారు. క్లాసు అయ్యాక గడి పక్కనుంచే ఇంటికి పోతారు. ఆ గడి లోపల ఏం జరిగేదో వాళ్లకు మేం చెప్పలేదు, అది సిలబస్‌లో లేదు.

చెప్పగలిగినవాళ్లు మొన్నమొన్నటిదాకా ఉన్నారు. గడి వెనక వాడలో ఒక అవ్వ ఉండేది. చిన్నప్పుడు గడి బావి నుంచి నీళ్లు మోసిందట. మరమ్మతు మొదలైన కొత్తలో ఫొటోల కోసం పోతే పిలిచి కూర్చోబెట్టింది. ‘గా దిడ్డి దర్వాజల నుంచే రావాలె బిడ్డా, తలకాయ వంచుకొని. పెద్ద దర్వాజ మాది గాదు’ అంది. ఇంకా చెప్పబోయింది. వెలుతురు పోతోందని తొందరపడి ‘మళ్లొస్తం అవ్వా’ అన్నాం. డంగు సున్నం తెలిసిన మేస్త్రీని వెతుక్కుంటూ వేరే జిల్లాలకు పోయినవాళ్లం, ఆ వాడకు మళ్లీ పోలేదు. ఆమె పోయిందని గడి ప్రారంభోత్సవం హడావుడిలో ఎవరో అంటే విన్నాం. జేబులో సెల్‌ఫోన్ లేనివాడు మాలో ఎవడూ లేడు, రికార్డు చేసినవాడూ లేడు.

ఇప్పుడు కార్లొస్తున్నాయి. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలకు పెద్ద దర్వాజ బాగా నచ్చింది. చాయ్ హోటల్‌కు గిరాకీ పెరిగింది. గైడుగా పెట్టుకున్న కుర్రాడు ఆ అవ్వ మునిమనవడే. మేం రాసిచ్చిన రెండు పేజీలు చదివి, ‘సార్, గిండ్ల మావోళ్ల ముచ్చట లేదేంది’ అని అడిగాడు. దానికి కమిటీ చెప్పిన జవాబు: ముందు ఇది బట్టీ పట్టు, మిగతాది తర్వాత చూద్దాం. ఆ జవాబు చెప్పింది నేనే.