ఆగితే తగ్గే నొప్పి

ప్రశ్న: నా వయసు 54. రోజూ తెల్లవారుజామున ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో నడుస్తాను. నెల రోజులుగా ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీ మధ్య పట్టేసినట్లుంటోంది, ఎడమ చెయ్యి లాగుతోంది. రెండు నిమిషాలు ఆగితే తగ్గిపోతుంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతున్నాను. నడక మానెయ్యాలా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పిని గ్యాస్ అనుకోకండి. గుండె కండరానికి రక్తం చాలనప్పుడు ఇలాగే ఉంటుంది. దీన్ని ఆంజైనా అంటారు. నడక ఆపి, ఈ రోజే డాక్టరును కలవండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి.లో ఏమీ కనిపించకపోవచ్చు. అంతమాత్రాన నిశ్చింత పడరాదు. మిగతా పరీక్షలు డాక్టరు నిర్ణయిస్తారు. రక్తపోటు, షుగరు, కొలెస్టరాల్ కూడా చూపించుకోండి. సిగరెట్ అలవాటుంటే నేటితో సరి.

కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, ఆగినా తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయించండి. స్వయంగా స్కూటరు నడుపుకుంటూ ఆస్పత్రికి బయలుదేరవద్దు. ఆ ఆవరణ విశాలమైనది కనుక, ఆర్ట్స్ కాలేజీయో, లైబ్రరీయో, దగ్గరలోని భవనం పేరు చెప్పాలి.

మీరు ఎంచుకున్న చోటు మంచిదే. నగరం నడిబొడ్డున విశ్వవిద్యాలయం నేలమీద అన్ని చెట్లు, అంత నీడ దొరకడం అదృష్టం. అయితే చలిగాలి, ఎత్తు, వేగం మూడూ కలిస్తే గుండెకు శ్రమ ఎక్కువ. డాక్టరు సరేనన్నాక, చదునైన దారిలో, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో మొదలుపెట్టండి. ఒంటరిగా వెళ్ళకండి. జేబులో మందుల చీటీ, ఇంటి ఫోన్ నంబరు ఉండాలి.

నాలుగు రోజులు ఆగితే చెట్లు ఎక్కడికీ పోవు. ముందు గుండె సంగతి చూసుకోండి.