మిగిలిన కోడిని మళ్లీ కూర చెయ్యకండి

ఆదివారం తెచ్చుకున్న చికెన్ మంగళవారం రాత్రికి ఏమవుతుందో గదుల్లో ఉండేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి డబ్బా బయటికొస్తుంది. రెండు ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి పేస్టు, రెండు చెంచాల కారం, పైన గరం మసాలా. అరగంటలో కూర రెడీ. తింటే ముక్క పీచుపీచుగా ఉంటుంది. గ్రేవీ ఒకపక్క, ముక్క ఒకపక్క, రెంటికీ మాటల్లేనట్టు. బుధవారం మళ్లీ ఆ పని చెయ్యబుద్ధి కాదు, ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తాం. మిగిలిన సగం కోడి వారాంతానికి చెత్తబుట్టలోకి పోతుంది.

నేను చెప్పదలుచుకున్నది చిన్న సంగతే. ఒకసారి ఉడికిన కోడిని మళ్లీ కూర చెయ్యడం దండగ. దాన్ని గ్రీసు వాళ్ల రుచుల వైపు తిప్పండి. పెరుగు, నిమ్మకాయ, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఒరెగానో. ఈ ఐదూ గదిలో ఉంటే వారంలో మూడు రాత్రులు గట్టెక్కుతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది త్వరలో ఎంఎస్ కోసం ఇటు అమెరికా వస్తారు. ఇక్కడ మనవాళ్ల ఫ్రిజ్‌లలో తరచుగా కనబడేది కాస్ట్‌కో కాల్చిన కోడి. 4.99 డాలర్లు, ఏళ్ల తరబడి అదే ధర. కిలో పైనే తూగుతుంది. ఒక్కడు ఒక్కపూట తినలేడు. కాబట్టి మిగులుతుంది. మిగిలినదాన్ని ఏం చేస్తామన్న దాన్ని బట్టే ఆ వారం వండుకుంటామా, కొనుక్కుంటామా అన్నది తేలుతుంది. "నాకు వంట రాదు" అని చేతులెత్తేసేవాళ్లని చూశాను. వాళ్లకి వంట రాక కాదు. రాత్రి తొమ్మిదింటికి ల్యాబ్ నుంచి వచ్చి, ఎండిపోయిన ముక్కతో అమ్మ కూరని పోటీకి పెట్టుకుంటారు. ఆ పోటీలో ఎవరు గెలుస్తారు?

కొంచెం సైన్సు. కోడి కొవ్వులో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. వండిన మాంసంలో కండలోని ఇనుము విడుదలై ఆ కొవ్వు ఆక్సీకరణం చెందడాన్ని తొందర చేస్తుంది. మర్నాడు వేడి చెయ్యగానే వచ్చే ఆ పాత వాసన అదే. దానికి "వార్మ్‌డ్ ఓవర్ ఫ్లేవర్" అని పేరు కూడా ఉంది. ఇక రెండోసారి ఉడికేటప్పుడు ప్రొటీన్లు ఇంకా బిగుసుకుని, ఉన్న కాస్త నీటినీ బయటికి పిండేస్తాయి. మసాలా వాసనని కప్పగలదేమో గానీ పోయిన నీటిని తేలేదు. అందుకే చల్లగానే తినడమో, వేడి చేసినా రెండు నిమిషాల్లో దించెయ్యడమో మేలు. గ్రీకు తరహా వంటలు ఈ రెంటికీ సరిగ్గా సరిపోతాయి.

"చల్లటి చికెనా? ఛీ!" అంటారని తెలుసు. చద్దన్నంలో పెరుగు కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్న జాతి మనది. మాంసంలో పులుపు కొత్తా అంటే, గోంగూర చికెన్ ఉండనే ఉంది. బిర్యానీ పక్కన పెరుగు పచ్చడి లేకపోతే హోటల్లో గొడవ పెట్టుకునేవాళ్లం. గ్రీకుల జాజికి ఆ పచ్చడికి దగ్గరి చుట్టమే. ఆ పేరు టర్కీ భాషలోని "జజిక్" నుంచి వచ్చింది.

జాజికి చేసేటప్పుడు రెండు చోట్ల మాత్రం తొందరపడకూడదు. కీరాని తురిమి, ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలి, గుప్పిట్లో గట్టిగా పిండాలి. ఎంత నీరు వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఇక పెరుగు గట్టిది కావాలి. గ్రీక్ యోగర్ట్ అని డబ్బాల్లో అమ్మేది నీరు తీసేసిన పెరుగే. అది లేకపోతే మామూలు పెరుగుని పలచటి గుడ్డలో మూటకట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద ఒక రాత్రి వేలాడదీయండి. తర్వాత రెంటినీ కలిపి, ఒక వెల్లుల్లి రెబ్బ తురుము, చెంచాడు ఆలివ్ నూనె, కాస్త నిమ్మరసం, దొరికితే పుదీనా. అంతే. ఆగండి, ఆ పోపు గిన్నె కింద పెట్టండి. ఆవాలు, కరివేపాకు పడ్డాయంటే అది మంచి పచ్చడే అవుతుంది, జాజికి మాత్రం కాదు.

ఇప్పుడు కోడి. ఎముకల నుంచి చేత్తో చీల్చి, నిమ్మరసం, నూనె, ఉప్పు, మిరియాలు, ఒరెగానో పట్టించి ఐదు నిమిషాలు ఉంచండి. పీటా రొట్టెని పెనం మీద వేడి చేసి, జాజికి రాసి, కోడి, టమాటా, ఉల్లి ముక్కలు వేసి చుట్టెయ్యండి. పీటా లేకపోతే పుల్కా. ఒరెగానో కోసం దుకాణానికి పరిగెత్తక్కర్లేదు, పిజ్జాతో వచ్చిన పొట్లాలు హాస్టల్ సొరుగుల్లో కుప్పలు ఉంటాయి. అదీ లేదంటే పెరట్లోని వామాకు చిన్న ముక్క సన్నగా తరిగి వేసి చూడండి. ఒరెగానో ఘాటుకి ముఖ్య కారణం కార్వక్రాల్, వాము ఘాటుకి థైమాల్. రెండూ ఐసోమర్లే, ఒకే ఫార్ములా. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పడ్డ పాట్లకి ఈ మాత్రం ఉపయోగమైనా ఉండాలి కదా.

వీటన్నిటిలో నాకు గొప్పగా అనిపించేది మాత్రం అవ్గోలెమోనో. అవ్గో అంటే గుడ్డు, లెమోని అంటే నిమ్మ. మాంసం చీల్చేశాక మిగిలిన ఎముకలని పారెయ్యకుండా, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్‌తో గంటసేపు సన్నమంట మీద మరగనివ్వండి. ఆ గంటలో మీ అసైన్‌మెంట్ మీరు చేసుకోవచ్చు. వడకట్టిన నీళ్లు నాలుగైదు కప్పులుంటే అందులో గుప్పెడు బియ్యం ఉడికించి, చివర్లో చికెన్ పీచులు వేసి రెండు నిమిషాలు మరిగించి దించండి. ఇక అసలు పని. ఒక గిన్నెలో రెండు గుడ్లు, ఒక పెద్ద పసుపు నిమ్మకాయ రసం వేసి నురగ వచ్చేదాకా గిలకొట్టండి. గిలకొడుతూనే వేడి నీళ్లని గరిటె తర్వాత గరిటెగా, సన్నటి ధారగా పొయ్యాలి. మూడు నాలుగు గరిటెలయ్యాక ఆ మిశ్రమాన్నంతా తిరిగి కుండలో కలిపెయ్యండి. మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించారో, గుడ్డు విరిగి తెల్లటి తునకలైపోతుంది. కుదిరితే మాత్రం చుక్క పాలు, మీగడ లేకుండానే చిక్కటి, పుల్లటి చారు వస్తుంది. జలుబు చేసిన రోజు మిరియాల చారు దొరకని ఊళ్లో దీనికి మించింది లేదని నా అభిప్రాయం. మన నిమ్మకాయలు చిన్నవి, పులుపెక్కువ. రుచి చూసుకుంటూ పిండండి.

పాలకూర, నిమ్మరసంతో చేసే గ్రీకుల అన్నం స్పనకోరిజో కూడా ఉంది. దాంట్లో కోడి కలుపుకోవడం మన సొంత తెలివి. పులిహోర ఇష్టమైనవాళ్లకి నచ్చుతుంది.

ఒక్క మాట పట్టుదలగా చెప్తాను. దీన్ని "గ్రీకు వంట" అనకండి, "గ్రీకు తరహా" అనండి. గ్రీసు వీధుల్లో సువ్లాకి అంటే ఎక్కువగా పంది మాంసమే. వాళ్ల పల్లెటూరి సలాడ్‌లో టమాటా, కీరా, ఉల్లి, ఆలివ్ కాయలు, ఫెటా ఉంటాయి గానీ లెట్యూస్ ఉండదు. ఫెటా సంగతి మరీను. 2002లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుని గ్రీసుకే కట్టబెట్టింది, డెన్మార్క్, జర్మనీ కోర్టుకెళ్లినా 2005లో అదే ఖాయమైంది. గొర్రె పాలతో, లేదా అందులో 30 శాతం దాకా మేక పాలు కలిపి చేస్తేనే అక్కడ ఫెటా. అమెరికాలో ఆవు పాలతో చేసింది కూడా అదే పేరుతో అమ్ముతారు. తిరుపతి లడ్డూకి 2009లో జీఐ గుర్తింపు వచ్చినప్పుడు మనం ఎంత సంబరపడ్డామో గుర్తుంటే వాళ్ల పట్టుదల అర్థమవుతుంది. డబ్బులు సరిపోకపోతే ఆవు పాలదే కొనండి, తప్పులేదు. పేరు విషయంలో మాత్రం నిజాయితీగా ఉందాం. మన గుత్తొంకాయలో క్రీమ్ పోసి "ఆంధ్రా కర్రీ" అంటే మనకి ఎలా ఉంటుంది?

అన్ని కోళ్లూ దీనికి పనికిరావని కూడా చెప్పాలి. కాల్చింది, ఉడకబెట్టింది, ఉప్పు మిరియాలతో గ్రిల్ చేసింది అయితే సరే. బిర్యానీ ముక్కని, చికెన్ 65ని ఇందులోకి లాగకండి, వాటి దారి వాటిది. వండిన కోడిని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటలోపే. అంటే మన వేసవిలో గంటే లెక్క. మూడు, నాలుగు రోజులకి మించి ఉంచకూడదు. ఆపైన వాసన బాగున్నా తినకండి.

గదిలో శాకాహారి ఉంటే జాజికి అలాగే ఉంచి, కోడి బదులు ఉడికించిన కాబూలీ శనగలు అదే నిమ్మ, ఒరెగానోలో కలపండి. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులకి మాంసం ముట్టని ఉపవాస దినాలు ఏడాదిలో చాలా ఉంటాయి, శనగలు వాళ్లకీ అలవాటే. మన కార్తీక మాసంలో కూడా ఇదే నడిపించొచ్చు. గిన్నె మాత్రం వేరుగా పెట్టండి, రూమ్‌మేట్‌తో ఏడాదంతా ఉండాలి.